ల్యాబ్‌లో హ్యూమన్ ఆర్‌బీపీ4 తయారీ: ప్లాస్మిడ్ నుంచి రెటినాల్ పట్టిన ప్రొటీన్ దాకా

హ్యూమన్ రెటినాల్ బైండింగ్ ప్రొటీన్ 4, అంటే రక్తంలో రెటినాల్‌ని (విటమిన్ ఎ రూపం) మోసే ప్రొటీన్, ల్యాబుల్లో అందరం ఆర్‌బీపీ4 అనేస్తాం, దీన్ని ఈ. కోలై బ్యాక్టీరియాలో ఎక్స్‌ప్రెస్ చేయడం, అంటే తయారు చేయించడం, పెద్ద పనేం కాదు. దీని జీన్‌ని పీఈటీ వెక్టర్ అనే ప్లాస్మిడ్‌లో (బ్యాక్టీరియాలోకి జీన్‌ని మోసుకెళ్లే గుండ్రటి డీఎన్ఏ) పెట్టి, ఆ జీన్‌ని ఆన్ చేసే ఐపీటీజీ వేస్తే సాయంత్రానికల్లా జెల్ మీద 21 కిలోడాల్టన్ల దగ్గర లావుపాటి బ్యాండ్ కనిపిస్తుంది, కొత్తగా చేరిన ఎమ్మెస్సీ పిల్లలకైనా వచ్చేస్తుంది. తలనొప్పి మొదలయ్యేదే ఆ తర్వాత. ఆ బ్యాండ్‌లో ఉన్నది సరిగ్గా మడత పడని ముద్ద, అది రెటినాల్ పట్టుకోదు, రక్తంలో దానికి తోడుండే ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రొటీన్‌తో కలవదు, కణాల మీద వేస్తే ఏదో ఒక ఎఫెక్ట్ వస్తుంది గానీ అది ఆర్‌బీపీ4 వల్లో బ్యాక్టీరియా చెత్త వల్లో చెప్పలేం. అందుకే ఈ గైడ్‌లో ఎక్స్‌ప్రెషన్ గురించి తక్కువ, రీఫోల్డింగ్ (విప్పిన ప్రొటీన్‌ని మళ్లీ సరిగ్గా మడతపెట్టడం) గురించీ చెకింగ్ గురించీ ఎక్కువ రాస్తున్నా.

ముందు మీకు కావలసింది ఏ ఆర్‌బీపీనో తేల్చుకోండి

పేరులో రెటినాల్ బైండింగ్ అని ఉన్నంత మాత్రాన ఇవన్నీ ఒక కుటుంబం కావు. ఆర్‌బీపీ4 రక్తంలో తిరిగేది, లివర్‌లో తయారవుతుంది, లిపోకాలిన్ కుటుంబం, లోపల మూడు డైసల్ఫైడ్ బంధాలు (రెండు సిస్టీన్ అమైనో ఆమ్లాల్ని కలిపే గంధకపు బంధాలు) ఉంటాయి. ఆర్‌బీపీ1, ఆర్‌బీపీ2 కణం లోపల ఉండేవి, వీటి చుట్టాలు ఫ్యాటీ యాసిడ్ బైండింగ్ ప్రొటీన్లు, డైసల్ఫైడ్లు లేవు, ఈ. కోలైలో హాయిగా కరిగే రూపంలోనే వస్తాయి. ఆర్‌బీపీ3 అంటే కంట్లో రెటీనా దగ్గర ఉండే ఐఆర్‌బీపీ, సుమారు 140 కిలోడాల్టన్ల భారీ ప్రొటీన్, దాన్ని మొత్తంగా బ్యాక్టీరియాలో చేద్దామనుకోకండి.

కాబట్టి ఆర్‌బీపీ1 ప్రోటోకాల్ తీసుకొచ్చి ఆర్‌బీపీ4కి పెడితే పని జరగదు. అక్కడ చివరిదాకా డీటీటీ లాంటి రెడ్యూసింగ్ ఏజెంట్ (డైసల్ఫైడ్లని విడగొట్టేది) ఉండాలి, ఇక్కడ చివర్లో అది ఉంటే కొంప మునుగుతుంది.

ఆర్‌బీపీ4 వివరాలు కాస్త చెప్పుకుందాం, తర్వాత లెక్కలకి పనికొస్తాయి. మొత్తం 201 అమైనో ఆమ్లాలు, ముందున్న 18 సిగ్నల్ పెప్టైడ్ (ప్రొటీన్‌ని కణం బయటికి పంపే ముక్క), అది తెగిపోయాక మిగిలే అసలు ప్రొటీన్ 183. ఆరు సిస్టీన్లు జతకట్టే తీరు 4తో 160, 70తో 174, 120తో 129. నాలుగు ట్రిప్టోఫాన్లు. మనిషి ప్లాస్మాలో మిల్లీలీటరుకి సుమారు 40 నుంచి 50 మైక్రోగ్రాములు ఉంటుంది, అంటే దాదాపు 2 మైక్రోమోలార్. ఒంటరిగా తిరిగితే సైజు చిన్నది కాబట్టి కిడ్నీలోంచి జారిపోతుంది, అందుకే 55 కిలోడాల్టన్ల ట్రాన్స్‌థైరెటిన్ టెట్రామర్‌ని పట్టుకుని తిరుగుతుంది. దీన్ని మనిషి ప్లాస్మా నుంచి మొదట వేరు చేసింది 1968లో, క్రిస్టల్ స్ట్రక్చర్ వచ్చింది 1984లో. ఎనిమిది బీటా తంతువులతో ఒక పీపా లాంటి ఆకారం, ఆ పీపా లోపల రెటినాల్ కూర్చుంటుంది.

మన దగ్గర దీనికి ఇంకో ప్రాధాన్యం ఉంది. పిల్లల్లో విటమిన్ ఎ లోపం మీద తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్ఐఎన్, చేసిన పని ఆధారంగానే 1970లో దేశమంతా ఆరు నెలలకోసారి ఎక్కువ డోసు విటమిన్ ఎ ఇచ్చే కార్యక్రమం మొదలైంది. ఇప్పుడు ఫీల్డ్ సర్వేల్లో రెటినాల్ నేరుగా కొలవడం కష్టమైనచోట దాని బదులు ఆర్‌బీపీనే కొలుస్తుంటారు. ఆ ఎలైజా కిట్లకి (యాంటీబాడీతో ప్రొటీన్‌ని కొలిచేవి) స్టాండర్డ్‌గా పెట్టేది రీకాంబినెంట్ ఆర్‌బీపీ4 అయితే, ఆ స్టాండర్డ్ స్వచ్ఛత ఎలా ఉందో అన్నదాని మీదే మిగతా నంబర్లన్నీ నిలబడతాయి.

కన్‌స్ట్రక్ట్: ట్యాగ్ ఎటు పెట్టాలి

సిగ్నల్ పెప్టైడ్ తీసేసి మిగతా 183కి కోడాన్ ఆప్టిమైజ్ చేసిన (ఈ. కోలైకి నప్పేలా రాసిన) జీన్ ఆర్డర్ చేయండి. ట్యాగ్ (ప్రొటీన్‌ని కాలమ్‌తో పట్టుకోడానికి చివర తగిలించే చిన్న ముక్క) దగ్గర చాలామంది ఆలోచించకుండా వెక్టర్‌లో ఏది ఉంటే అది ఉంచేస్తారు. ఆర్‌బీపీ4 సి-టెర్మినల్ చివర ఉన్న భాగం ట్రాన్స్‌థైరెటిన్‌ని తాకే చోటు, అక్కడ హిస్ ట్యాగ్ వేలాడదీస్తే ఆ బైండింగ్ మీద అనుమానం ఎప్పటికీ పోదు. పైగా కిడ్నీ జబ్బున్నవాళ్ల సీరమ్‌లో చివరి ల్యూసిన్ ఒకటో రెండో తెగిపోయిన రూపాలు ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి ఆ చివర అన్నది బయాలజీకి పట్టని విషయం కాదు. నా మాట వింటే ఎన్-టెర్మినల్ వైపు ట్యాగ్ పెట్టి, తర్వాత ట్యాగ్ కోసేయడానికి మధ్యలో టీఈవీ లాంటి ప్రొటీయేజ్ సైట్ పెట్టుకోండి. లేదా ట్యాగే వద్దనుకోండి, ఇన్‌క్లూజన్ బాడీస్ (బ్యాక్టీరియా లోపల పేరుకునే మడతపడని ప్రొటీన్ ముద్దలు) బాగా కడిగితే అవే చాలావరకు శుభ్రంగా ఉంటాయి, తర్వాత అయాన్ ఎక్స్ఛేంజ్ (విద్యుదావేశాన్ని బట్టి వేరుచేసే కాలమ్) చాలు.

ట్యాగ్ లేకుండా చేస్తే ఒక చిన్న విషయం గుర్తుంచుకోండి. అసలు ప్రొటీన్ గ్లుటామేట్‌తో మొదలవుతుంది, దాని ముందు మీరు పెట్టే స్టార్ట్ మెథియోనిన్‌ని ఈ. కోలై తీసేయదు, పక్కన అంత పెద్ద అమైనో ఆమ్లం ఉంటే దాని ఎంజైమ్‌కి చేతకాదు. మాస్ స్పెక్‌లో 131 డాల్టన్లు ఎక్కువ కనిపిస్తే కంగారు పడక్కర్లేదు.

వేరే దారులు కూడా ఉన్నాయి. 1993లోనే లీడ్స్‌లో శివప్రసాదరావు, ఫిండ్లే కలిసి సిగ్నల్ సీక్వెన్స్‌తో ఈ. కోలై పెరిప్లాజంలోకి (దాని రెండు పొరల మధ్య చోటు) పంపి మడత పడిన ప్రొటీన్ తీశారు. ఒరిగామి, షఫుల్ లాంటి స్ట్రెయిన్లలో సైటోప్లాజంలోనే డైసల్ఫైడ్లు ఏర్పడతాయి. హెచ్ఈకే293 అనే మనిషి కణాల్లో చేస్తే ఎండోటాక్సిన్ (ఎల్‌పీఎస్, ఈ. కోలై పైపొరలోని విష పదార్థం) బెడద ఉండదు, ఖర్చు మాత్రం వాచిపోతుంది. కణాల మీద వేసే ప్రయోగాలకి బడ్జెట్ ఉంటే హెచ్ఈకేనే బెస్ట్, స్ట్రక్చర్ పనికీ బైండింగ్ అసేలకీ ఎక్కువ మొత్తం కావాలంటే ఈ. కోలై రీఫోల్డింగే. ఇక్కడినుంచి చెప్పేది ఆ రెండో దారి.

పెంచడం, పగలగొట్టడం

ఇది త్వరగా చెప్పేస్తా. బీఎల్21 డీఈ3 అనే ఈ. కోలై స్ట్రెయిన్‌లో ట్రాన్స్‌ఫార్మ్ చేసి, లీటరు ఎల్‌బీ మీడియంలో 37 డిగ్రీల దగ్గర ఓడీ (కల్చర్ మసకదనం) 0.6 దాకా పెంచి, 1 మిల్లీమోలార్ ఐపీటీజీ వేసి 4 గంటలు వదిలేయండి. ఎలాగూ ఇన్‌క్లూజన్ బాడీసే కావాలి కాబట్టి టెంపరేచర్ తగ్గించాల్సిన పనేం లేదు. పెల్లెట్‌ని ట్రిస్ పీహెచ్ 8, 100 మిల్లీమోలార్ ఉప్పు, ఈడీటీఏ, కాస్త లైసోజైమ్, పీఎంఎస్ఎఫ్ ఉన్న బఫర్‌లో కలిపి ఐస్ మీద సోనికేట్ చేయండి. 12,000 జీ దగ్గర 20 నిమిషాలు తిప్పితే కింద తెల్లటి గట్టి పెల్లెట్ దిగుతుంది, పైన కాస్త బూడిద రంగులో మెత్తటి పొర ఉంటే అది మెంబ్రేన్ చెత్త, పైపెట్‌తో నెమ్మదిగా కడిగి తీసేయొచ్చు.

కడగడంలో మాత్రం బద్ధకించకండి. 1 శాతం ట్రైటాన్ ఎక్స్-100 ఉన్న బఫర్‌తో రెండుసార్లు, 1 మోలార్ యూరియాతో ఒకసారి, చివర్లో డిటర్జెంట్ లేని బఫర్‌తో రెండుసార్లు, ప్రతిసారీ పెల్లెట్ ముద్దలు లేకుండా పూర్తిగా కలిసేలా హోమోజినైజర్‌తోనో సన్న సిరంజితోనో కలపండి. ఎండోటాక్సిన్ ఎక్కువగా పోయేది ఇక్కడే, తర్వాత దశల్లో తీయడం చాలా కష్టం.

కరిగించడం

కడిగిన పెల్లెట్‌ని 6 మోలార్ గ్వానిడిన్ హైడ్రోక్లోరైడ్, 50 మిల్లీమోలార్ ట్రిస్ పీహెచ్ 8.5, 10 మిల్లీమోలార్ డీటీటీలో కలిపి రూమ్ టెంపరేచర్‌లో కొన్ని గంటలు, వీలైతే రాత్రంతా తిప్పండి. తప్పుగా కట్టుకున్న డైసల్ఫైడ్లన్నీ విడిపోవాలి. తర్వాత గట్టిగా సెంట్రిఫ్యూజ్ చేసి కరగని దాన్ని పారేయండి. హిస్ ట్యాగ్ ఉండి ఈ దశలోనే నికెల్ కాలమ్ వేద్దామనుకుంటే డీటీటీ, ఈడీటీఏ రెండూ వాడకండి, కాలమ్ గోధుమరంగుకి తిరుగుతుంది లేదా నికెల్ ఊడిపోతుంది, బదులుగా కొద్దిగా బీటా మెర్కాప్టోఇథనాల్ చాలు.

ఈ శాంపిల్‌ని నేరుగా జెల్ మీద వేయకూడదు, గ్వానిడిన్ ఎస్‌డీఎస్‌తో కలిసి తెల్లగా గడ్డకట్టి వెల్‌లోనే ఉండిపోతుంది. టీసీఏతో ప్రెసిపిటేట్ చేసి, చల్లటి అసిటోన్‌తో కడిగి అప్పుడు వేయండి.

ఇక ఇక్కడ ఒక లెక్క చూద్దాం, చాలా ల్యాబుల్లో రీఫోల్డింగ్ ఫెయిల్ అవడానికి కారణం ఇదే అని నాకు గట్టి నమ్మకం. మీ దగ్గర 10 ఎంఎల్ గ్వానిడిన్‌లో 50 మిల్లీగ్రాముల ప్రొటీన్ ఉంది, డీటీటీ 10 మిల్లీమోలార్ ఉంది అనుకోండి. దీన్ని 500 ఎంఎల్ రీఫోల్డింగ్ బఫర్‌లో పోస్తే దాదాపు 50 రెట్లు పలచబడి డీటీటీ 0.2 మిల్లీమోలార్ మిగులుతుంది. రీఫోల్డింగ్ బఫర్‌లో మనం వేసేది 0.3 మిల్లీమోలార్ సిస్టైన్ (రెండు సిస్టీన్లు డైసల్ఫైడ్‌తో కలిసినది, ఇక్కడ ఆక్సిడెంట్ ఇదే). ఒక డీటీటీ ఒక సిస్టైన్‌ని విరిచేస్తుంది. అంటే మీరు వేసిన ఆక్సిడెంట్‌లో మూడింట రెండు వంతులు ప్రొటీన్‌ని తాకకముందే అయిపోయింది! కాగితం మీద రాసుకున్న రేషియోకీ బీకరులో ఉన్న రేషియోకీ సంబంధమే ఉండదు. కాబట్టి కరిగించాక శాంపిల్ పీహెచ్‌ని అసిటిక్ యాసిడ్‌తో 4 దగ్గరికి దించి, అదే పీహెచ్‌లో 6 మోలార్ గ్వానిడిన్‌తో డీసాల్టింగ్ కాలమ్ గుండా పంపండి లేదా డయాలిసిస్ చేయండి. పీహెచ్ తక్కువున్నంతసేపూ సిస్టీన్లు ఆక్సిడైజ్ అవ్వకుండా బుద్ధిగా ఉంటాయి, డీటీటీ మాత్రం పోతుంది. ఆ రూపంలో చిన్న చిన్న భాగాలు చేసి మైనస్ 80లో పెట్టుకోవచ్చు కూడా.

రెటినాల్ స్టాక్

ఆల్-ట్రాన్స్ రెటినాల్‌కి మూడు శత్రువులు, వెలుతురు, గాలి, వేడి. లైట్లు ఆపేసి ఎర్ర లైటో డిమ్ పసుపు లైటో పెట్టుకోండి, ట్యూబులు యాంబర్‌వి వాడండి లేదా ఫాయిల్ చుట్టండి. సీల్డ్ యాంపూల్ తీయగానే ఆర్గాన్ ఊదిన అబ్సల్యూట్ ఇథనాల్‌లో కరిగించి, చిన్న భాగాలు చేసి పైన మళ్లీ ఆర్గాన్ ఊది మైనస్ 80లో పెట్టాలి. మే నెలలో ఏసీ సరిగ్గా పనిచేయని గదిలో టేబుల్ మీద పెట్టి ఫోన్ మాట్లాడటం లాంటివి వద్దు.

తూకాన్ని నమ్మకండి, కొలవండి. రెటినాల్ మాలిక్యులర్ వెయిట్ 286.45, అంటే 10 మిల్లీమోలార్ స్టాక్ కావాలంటే ఎంఎల్‌కి 2.86 మిల్లీగ్రాములు. దాన్ని ఇథనాల్‌లో వెయ్యి రెట్లు పలచన చేసి 325 నానోమీటర్ల దగ్గర చూస్తే, మోలార్ ఎక్స్‌టింక్షన్ (1 మోలార్ ద్రావణం ఎంత కాంతి పీల్చుకుంటుందో చెప్పే నంబర్) 52,770 కాబట్టి, 0.53 దగ్గర రావాలి. 0.35 వచ్చిందంటే మీ యాంపూల్లో మూడో వంతు అప్పటికే పాడైపోయింది. స్కాన్ తీస్తే ఇంకా మంచిది, పీక్ 325 దగ్గర నున్నగా గుండ్రంగా ఉండాలి.

గర్భంతో ఉన్నవాళ్లు ఈ పొడి, స్టాక్ ముట్టుకోకుండా ఉండటం మంచిది, విటమిన్ ఎ ఎక్కువైతే పిండానికి హాని అన్నది తెలిసిన విషయమే. గ్లవ్స్ అందరికీ తప్పనిసరి.

రీఫోల్డింగ్, అసలు పని

బఫర్ ఇది: 25 మిల్లీమోలార్ ట్రిస్ పీహెచ్ 8.8, 3 మిల్లీమోలార్ సిస్టీన్, 0.3 మిల్లీమోలార్ సిస్టైన్, 1 మిల్లీమోలార్ ఈడీటీఏ. 500 ఎంఎల్‌కి సిస్టైన్ 36 మిల్లీగ్రాములు, సిస్టీన్ హైడ్రోక్లోరైడ్ మోనోహైడ్రేట్ అయితే 263 మిల్లీగ్రాములు. సిస్టైన్ మామూలు నీళ్లలో కరగదు, అడుగున తెల్లగా తిరుగుతూనే ఉంటుంది, ముందు కొద్దిగా సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి పోయండి. సిస్టీన్ హైడ్రోక్లోరైడ్ వేస్తే పీహెచ్ పడిపోతుంది కాబట్టి అన్నీ వేశాకే పీహెచ్ చివరిసారి సరిచేయాలి, 4 డిగ్రీలకి చల్లార్చాక ఇంకోసారి చూడండి, ట్రిస్ చల్లబడితే పీహెచ్ పెరుగుతుంది. పీహెచ్ 8 కంటే దిగితే డైసల్ఫైడ్లు అటూ ఇటూ మారడం మందగిస్తుంది, తప్పు జత కట్టినవి అలాగే ఉండిపోతాయి.

బీకరుని కోల్డ్ రూమ్‌లో పెట్టి ఫాయిల్ చుట్టి, కాసేపు ఆర్గాన్ బుడగలు పంపి, నురగ రానంత నెమ్మదిగా స్టిర్ చేయండి. ఇప్పుడు ప్రొటీన్‌ని పెరిస్టాల్టిక్ పంపుతో గానీ సిరంజితో గానీ చుక్కలు చుక్కలుగా వదలాలి. ఉప్మాలో రవ్వ ఒక్కసారిగా కుమ్మరిస్తే ఉండలు కట్టినట్టే ఇదీ, విప్పుకున్న గొలుసులు ఒకదానికొకటి దగ్గరైతే తమలో తాము మడతపడకుండా పక్కదానికి అతుక్కుంటాయి. 10 ఎంఎల్ శాంపిల్‌కి గంటా రెండు గంటలు పట్టినా పర్లేదు. చివరికి ప్రొటీన్ ఎంఎల్‌కి 0.1 మిల్లీగ్రాము దాటకుండా చూసుకోండి.

రెటినాల్‌ని మొత్తం ముందే పోసేయకూడదు, నీళ్లలో అది దాదాపు కరగదు, గుంపులు కట్టి గాజుకి అంటుకుంటుంది. ప్రొటీన్ పోస్తూ మధ్యమధ్యలో నాలుగైదు విడతలుగా వేయండి. 50 మిల్లీగ్రాముల ప్రొటీన్ అంటే దాదాపు 2.4 మైక్రోమోల్స్, దానికి రెట్టింపు రెటినాల్ అంటే 4.8 మైక్రోమోల్స్, 10 మిల్లీమోలార్ స్టాక్‌లోంచి 480 మైక్రోలీటర్లు. ఇథనాల్ 0.1 శాతం దగ్గరే ఆగుతుంది కాబట్టి ప్రొటీన్‌కి ఇబ్బంది లేదు. రెటినాల్ ఎందుకు ఇప్పుడే వేయాలి, తర్వాత వేస్తే ఏం అంటే, పీపా మూసుకునేటప్పుడు లోపల రెటినాల్ ఉంటే సరైన మడతకి అది ఊతమవుతుంది. లివర్ కణాల్లో కూడా రెటినాల్ లేకపోతే ఆర్‌బీపీ4 ఈఆర్‌లోనే (కణం లోపల ప్రొటీన్లు మడతపడే చోటు) ఆగిపోతుంది, బయటికి రాదు.

రాత్రంతా 4 డిగ్రీల్లో వదిలేయండి. పొద్దున చూస్తే కాస్త మసకగా ఉంటుంది, అది మామూలే, తప్పుగా మడతపడినది విరిగి పడుతోందన్నమాట. పాలలా తెల్లగా ఉందంటే మాత్రం ప్రొటీన్ ఎక్కువ పోశారు లేదా వేగంగా పోశారు.

శుభ్రం చేయడం

సెంట్రిఫ్యూజ్ చేసి, 0.22 మైక్రాన్ ఫిల్టర్ గుండా పంపి, టాంజెన్షియల్ ఫ్లో ఉంటే దాంతో లేదా స్టిర్డ్ సెల్‌తో కాన్‌సన్‌ట్రేట్ చేసి, 20 మిల్లీమోలార్ ట్రిస్ పీహెచ్ 8కి డయాలిసిస్ చేయండి. ఇక్కడ ఇంకొంచెం విరుగుతుంది, పోనివ్వండి. తర్వాత క్యూ కాలమ్ (అయాన్ ఎక్స్ఛేంజ్), సున్నా నుంచి 0.4 మోలార్ ఉప్పు గ్రేడియంట్. డిటెక్టర్‌లో 280 నానోమీటర్లతో (ప్రొటీన్) పాటు 330 (రెటినాల్) కూడా పెట్టుకోండి, ఇది చాలా ముఖ్యం. రెండూ కలిసి లేచిన పీకే మీ హోలో ప్రొటీన్ (లోపల రెటినాల్ ఉన్నది), 280 ఒక్కటే లేచి 330 చప్పగా ఉన్న పీక్ ఎంత పెద్దదైనా దాన్ని పక్కన పెట్టండి. పూల్ చేసేటప్పుడు ఆశకి పోయి అంచుల్లో ఫ్రాక్షన్లు కలపొద్దు.

చివర్లో సూపర్‌డెక్స్ 75 (సైజుని బట్టి వేరుచేసే జెల్ ఫిల్ట్రేషన్ కాలమ్) మీద పీబీఎస్‌లో. 21 కిలోడాల్టన్ల దగ్గర ఒకే సన్నటి పీక్ రావాలి. కాలమ్ మొదట్లో వచ్చే వాయిడ్ పీక్‌లో 330 కనిపిస్తే అది గుంపుకట్టిన వాటికి అంటుకున్న రెటినాల్, సంతోషించాల్సిందేం లేదు.

నిజంగా మడతపడిందా: నాలుగు పరీక్షలు

మొదటిది అబ్సార్బెన్స్. ఆర్‌బీపీ4లో కూర్చున్న రెటినాల్ 330 దగ్గర పీక్ ఇస్తుంది, ఎక్స్‌టింక్షన్ 46,000 అని తీసుకుంటారు, ప్రొటీన్‌కి 280 దగ్గర 40,400. పూర్తిగా నిండిన ప్రొటీన్‌కి 330ని 280తో భాగిస్తే 1 చుట్టుపక్కల రావాలి. 0.9 పైన వస్తే హాయిగా ముందుకెళ్లొచ్చు, 0.6 వస్తే సగానికి సగం ఖాళీ పీపాలో లేదా చెడు మడతలో ఉన్నట్టు. ఒక ఉదాహరణ చూడండి, 330 దగ్గర 0.35 వచ్చిందంటే రెటినాల్ 7.6 మైక్రోమోలార్. అదే శాంపిల్‌కి బీసీఏ (ప్రొటీన్‌ని కొలిచే రంగు పరీక్ష) పెడితే ప్రొటీన్ 8.5 మైక్రోమోలార్ వచ్చింది అనుకుంటే 89 శాతం నిండింది. ప్రొటీన్‌ని 280తోనే కాకుండా బీసీఏతో కూడా చూడమనేది ఎందుకంటే రెటినాల్ 280 దగ్గర కూడా కొంచెం పీల్చుకుంటుంది.

రెండోది, జెల్. ఒకే శాంపిల్‌ని రెడ్యూసింగ్ ఏజెంట్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి వేయండి, పక్కపక్క లేన్లలో కాకుండా మధ్యలో ఒకట్రెండు ఖాళీ వదలండి, లేకపోతే డీటీటీ పక్కకి పాకి మొత్తం గందరగోళం. డైసల్ఫైడ్లు సరిగ్గా ఉంటే రెడ్యూస్ చేయనిది కాస్త కిందకి, వేగంగా, ఒకే సన్నటి గీతలా పరిగెడుతుంది. అలుక్కుపోయినట్టు ఉంటే రకరకాల తప్పు జతలు కలిసి ఉన్నాయి, 42 దగ్గర బ్యాండ్ ఉంటే రెండు గొలుసులు ఒకదానికొకటి కట్టుకున్నాయి.

మూడోది మాస్ స్పెక్. సీరమ్‌లో ఉండే మామూలు ఆర్‌బీపీ4 మాస్ దాదాపు 21,065 డాల్టన్లు, మూడు డైసల్ఫైడ్లు కట్టుకున్నాక లెక్క అది. మీ దానికి మెథియోనిన్ మిగిలితే 21,196. విడిపోయిన రూపం కంటే 6 డాల్టన్లు తక్కువ ఉండాలి, ఆరు హైడ్రోజన్లు పోయాయి కదా. 119 చొప్పున ఎక్కువ కనిపిస్తే రీఫోల్డింగ్ బఫర్‌లోని సిస్టీనే మీ ప్రొటీన్ సిస్టీన్‌కి అతుక్కుంది.

నాలుగోది, నా దృష్టిలో అసలైనది, ట్రాన్స్‌థైరెటిన్. ఎందుకంటే అరకొరగా మడతపడిన ప్రొటీన్‌కి కూడా రెటినాల్ జిడ్డులా అంటుకుని 330 రేషియో కాస్త బాగా చూపించగలదు, ట్రాన్స్‌థైరెటిన్ మాత్రం పీపా నోటి దగ్గరి లూపులు సరిగ్గా ఉంటేనే పట్టుకుంటుంది. రెండింటినీ కలిపి 150 మిల్లీమోలార్ ఉప్పున్న బఫర్‌లో జెల్ ఫిల్ట్రేషన్ చేస్తే 330 పీక్ 21 నుంచి 76 కిలోడాల్టన్ల వైపు జరగాలి. ఉప్పు తక్కువున్న బఫర్‌లో చేస్తే ఈ జంట విడిపోతుంది, పాతరోజుల్లో ప్లాస్మా నుంచి వేరు చేసేటప్పుడు ఈ గుణాన్నే వాడుకున్నారు. ట్రాన్స్‌థైరెటిన్‌ని సెఫరోజ్‌కి కట్టి అఫినిటీ కాలమ్ చేసుకుంటే ఇదే పరీక్ష, ఇదే ప్యూరిఫికేషన్ కూడా: ఉప్పుతో పట్టించి, ఉప్పు లేని బఫర్‌తో దింపేయడమే. ఎక్కువగా చేసే ల్యాబ్ అయితే ఆ కాలమ్ మీద పెట్టిన ఖర్చు వృథా పోదు.

ఖాళీ ప్రొటీన్ కావాలంటే

బైండింగ్ కొలవాలంటే రెటినాల్ తీసేసిన అపో రూపం కావాలి. హోలో ప్రొటీన్‌ని డైఇథైల్ ఈథర్‌తో గానీ హెప్టేన్‌తో గానీ నెమ్మదిగా తిప్పి, పై పొర తీసేసి, కొత్తది పోసి మళ్లీ తిప్పండి, 330 పీక్ పోయేదాకా. గట్టిగా కుదిపితే నురగలో ప్రొటీన్ చచ్చిపోతుంది. ఈథర్ ఫ్యూమ్ హుడ్‌లోనే, పాత సీసాలో పెరాక్సైడ్లు ఉన్నాయేమో చూసుకుని వాడండి.

టైట్రేషన్‌కి అపో ప్రొటీన్ 0.5 మైక్రోమోలార్ దగ్గర పెట్టి, 280 దగ్గర ఎక్సైట్ చేసి 340 దగ్గర ట్రిప్టోఫాన్ వెలుగు తగ్గడం చూడండి, లేదా 330 దగ్గర ఎక్సైట్ చేసి 460 దగ్గర రెటినాల్ వెలుగు పెరగడం చూడండి. ఇథనాల్ మొత్తం 2 శాతం దాటకూడదు. కేడీ (పట్టు ఎంత గట్టిదో చెప్పే నంబర్, తక్కువైతే గట్టిది) 150 నుంచి 200 నానోమోలార్ మధ్యలో వస్తే బాగున్నట్టే. ప్రొటీన్ గాఢత కేడీ కంటే ఎక్కువ ఉంది కాబట్టి మామూలు హైపర్‌బోలా ఫిట్ చేయకూడదు, క్వాడ్రాటిక్ ఈక్వేషన్ పెట్టాలి, ఇది రివ్యూయర్లు వెంటనే పట్టుకునే పాయింట్. ట్రిప్టోఫాన్ ఒక్కటే వేసిన కంట్రోల్ కూడా నడపండి, ఇన్నర్ ఫిల్టర్ (రెటినాల్ తానే కాంతి పీల్చుకోవడం వల్ల వెలుగు తగ్గడం) ఎంతుందో తెలుస్తుంది.

కణాల మీద వేసే ముందు ఎండోటాక్సిన్

2005లో ఆర్‌బీపీ4కీ ఇన్సులిన్ రెసిస్టెన్స్‌కీ లింకు బయటపడ్డాక, 2007లో కణాల మీద ఆర్‌బీపీ4ని పట్టుకునే ఎస్‌టీఆర్‌ఏ6 రిసెప్టర్ దొరికాక, దీన్ని కణాల మీద వేసే ల్యాబులు బాగా పెరిగాయి. మాక్రోఫేజ్‌ల మీద ఆర్‌బీపీ4 టీఎల్ఆర్4 అనే రిసెప్టర్ దారిలో ఇన్‌ఫ్లమేషన్ లేపుతుందని రిపోర్టులున్నాయి. మరి ఎల్‌పీఎస్ పనిచేసేది కూడా సరిగ్గా ఆ టీఎల్ఆర్4 దారిలోనే కదా! ఈ. కోలైలో చేసిన ప్రొటీన్‌తో ఈ రిజల్ట్ చూపిస్తే ఎండోటాక్సిన్ నంబర్ లేకుండా ఎవరూ నమ్మరు. ఎండోటాక్సిన్ కొలిచే ఎల్ఏఎల్ టెస్ట్‌లో మైక్రోగ్రాముకి 0.1 ఈయూ (ఎండోటాక్సిన్ యూనిట్) కంటే తక్కువకి తేవడానికి చూడండి. ఇన్‌క్లూజన్ బాడీస్ కడిగేటప్పుడే ట్రైటాన్ ఎక్స్-114 వాడితే చాలావరకు పోతుంది, రీఫోల్డ్ అయిన హోలో ప్రొటీన్ మీద డిటర్జెంట్ వాడితే రెటినాల్ కూడా లాగేసుకునే ప్రమాదం ఉంది.

కంట్రోల్‌గా కొంత ప్రొటీన్‌ని మరగబెట్టి వేయండి. మరిగించాక కూడా అదే ఎఫెక్ట్ వస్తే మీరు చూస్తున్నది ఎల్‌పీఎస్‌నే కావచ్చు, దానికి వేడంటే లెక్కలేదు. ఎల్‌పీఎస్‌ని కట్టేసే పాలిమిక్సిన్ బి కలిపిన వెల్ ఒకటి, ఖాళీ వెక్టర్ నుంచి అదే పద్ధతిలో చేసిన బఫర్ వెల్ ఒకటి కూడా పెట్టండి.

ఆర్‌బీపీ1 చేసేవాళ్లకి నాలుగు మాటలు

135 అమైనో ఆమ్లాలు, 16 కిలోడాల్టన్ల లోపు, 18 నుంచి 20 డిగ్రీల దగ్గర రాత్రంతా ఇండక్షన్, కరిగిన రూపంలోనే వస్తుంది, రీఫోల్డింగ్ గొడవ లేదు. బఫర్లన్నిట్లో టీసీఈపీ (డీటీటీ లాంటి రెడ్యూసింగ్ ఏజెంట్) ఉంచండి. ఇక్కడ బైండ్ అయిన రెటినాల్ పీక్ 330 దగ్గర కాదు, 350 వైపు జరిగి భుజాలతో స్పష్టంగా కనిపిస్తుంది, ఆ ఆకారం కనిపిస్తే పని అయినట్టే. పట్టు కూడా ఆర్‌బీపీ4 కంటే చాలా గట్టిది కాబట్టి పైన చెప్పిన టైట్రేషన్‌తో కేడీ కొలవాలని చూడకండి, వచ్చే నంబర్‌కి అర్థం ఉండదు.

దాచడం, కొనడం

హోలో ప్రొటీన్‌ని పీబీఎస్‌లో 10 శాతం గ్లిజరాల్‌తో, యాంబర్ ట్యూబుల్లో చిన్న భాగాలుగా లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచి మైనస్ 80లో పెట్టండి. కరిగించింది మళ్లీ ఫ్రీజ్ చేయొద్దు. నెలలు గడిచాక వాడితే ముందు ఒక స్కాన్ తీసి 330 ఇంకా ఉందో లేదో చూడండి, రెండు నిమిషాల పని.

ఇంత పెట్టుకోలేం, కొనేస్తాం అంటే తప్పేం లేదు, కానీ క్యాటలాగ్‌లో ప్యూరిటీ 95 శాతం అని ఉంటే అది జెల్ మీద మాట, మడత గురించి కాదు. ఆర్డర్ చేసేముందు మెయిల్‌లో అడగండి: ఏ హోస్ట్, ట్యాగ్ ఎటువైపు, అపోనా హోలోనా, హోలో అయితే ఈ లాట్‌కి 330, 280 రేషియో ఎంత, ఎండోటాక్సిన్ ఎంత, లయోఫిలైజ్ చేసేటప్పుడు ఏం కలిపారు. చాలా వయల్స్‌లో క్యారియర్‌గా బీఎస్ఏ ఉంటుంది, అది కూడా రెటినాల్‌ని పట్టుకుంటుంది, మీ ఫ్లోరోసెన్స్ టైట్రేషన్ మొత్తం దాని మీదే జరిగిపోతుంది. క్యారియర్ లేని ప్యాక్ విడిగా ఉందేమో అడిగి తెప్పించుకోండి, ఎండాకాలం అయితే శుక్రవారం పంపొద్దని, డ్రై ఐస్‌లోనే పంపమని ఆర్డర్‌లోనే రాయించండి.